బాతుకు కిరీటం పెట్టేదాకా

కాదండీ, ఆ యూపీఎస్‌లో లోపం లేదు. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. ఇరవై నిమిషాలు బ్యాకప్ ఇస్తుందని చెప్పి అమ్మాం. వాళ్ళ కళ్ళెదురుగానే ప్లగ్గు పీకేసి, నా ఫోన్‌లో టైము చూపించి మరీ నిరూపించాను. "ఇరవై నిముసాలు యాడికి సాలతాదప్పా?" అని అడిగితే నన్నేం చేయమంటారు? కరెంటు పోయినప్పుడు చేతిలో ఉన్న బిల్లు సేవ్ చేసుకుని, కంప్యూటర్‌ని పద్ధతిగా ఆపుకోవడానికి ఇచ్చే పెట్టె అది. దాని మీద సినిమా హాలు నడపమని ఎవరూ చెప్పలేదు. ఈ మాట పుంగనూరులో చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. అయినా మా ఓనరు దగ్గర చెడ్డపేరు నాకే వచ్చింది. అందుకే కేసు మొత్తం రాస్తున్నాను.

అది 2005 వేసవి. నాకు ఇరవై మూడేళ్ళు. పుట్టి పెరిగింది హైదరాబాదులో. హార్డ్‌వేర్ డిప్లొమా చేతికి రాగానే దొరికిన ఉద్యోగం మదనపల్లెలో, ఒక కంప్యూటర్ల డీలరు దగ్గర సర్వీస్ ఇంజనీరు. ఇంజనీరంటే పెద్దగా ఊహించుకోకండి. భుజానికి ఒక సంచి. అందులో స్క్రూడ్రైవర్లు, మల్టీమీటరు, నాలుగు సీడీలు, ఎవరిది పాడైనా తాత్కాలికంగా ఇవ్వడానికి ఒక పాత మౌసు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ నా ఏరియా. బస్సెక్కడం, దిగడం, ఏ ఊళ్ళో దిగినా "ఏమప్పా, పొద్దున్నించీ కాసుకోనుండాం" అని తిట్లు తినడం. కంపెనీ ఒక కీప్యాడ్ ఫోన్ ఇచ్చింది. అది నా చేతిలోంచి కిందికి దిగిన గుర్తు లేదు. అన్నం తింటున్నప్పుడు కూడా ఎడమ చేతిలో ఉండేది.

పుంగనూరులో రామప్ప శెట్టిగారిది ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల షాపు. యాభై దాటిన మనిషి, తెల్ల పంచె, బుగ్గన వక్క. ముందు హాల్లో బస్తాలు, వెనక గదిలో ఒక బల్ల, దాని మీద మేము అమ్మిన కంప్యూటరు. శుక్రవారం శుక్రవారం దానికి కుంకుమబొట్టు, మూర మల్లెపూలు. బిల్లులు వేయడానికే కొన్నారు. కానీ నేను వెళ్ళిన మొదటిసారే గమనించాను, బయట కౌంటర్లో గుమాస్తా బిల్లులన్నీ చేత్తోనే రాస్తున్నాడు. అప్పుడు పట్టించుకోలేదు. నాకొచ్చిన కంప్లైంటు యూపీఎస్ మీద, గుమాస్తా మీద కాదు కదా.

ప్లగ్గు పీకి చూపించాక శెట్టిగారు కాసేపు ఆలోచించారు.

"సరే అప్పా, ఇరవై నిముసాలు. దాన్ని రెండున్నర గంట సేయాలంటే ఏం సేయాల?"

"ఒక్క బిల్లుకి రెండున్నర గంటలెందుకండీ?"

"పెద్ద బిల్లులుంటాయిలే" అని బస్తాల వైపు తిరిగారు.

ఆ ఎండాకాలం కరెంటు సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. చెప్పి తీసేది పూటకోసారి, చెప్పకుండా తీసేదానికి లెక్కే లేదు. పోనీ పొద్దుగూకాక పని చేసుకోండి అన్నాను. ఆ టైములో ఊరంతా లైట్లు వేస్తే వోల్టేజీ పడిపోయి, మానిటర్లో బొమ్మ నాలుగు వైపుల నుంచీ ముడుచుకుపోతుందట. అదీ నిజమే. అప్పటి గాజు మానిటర్లు అలాగే చేసేవి.

నేను మదనపల్లె చేరేలోపు ఆయన మా ఓనరుకి ఫోన్ చేసి యూపీఎస్ మార్చమన్నారు. మార్చాం. రెండు వారాలకు రెండోదీ సరిగ్గా పనిచేయడం లేదన్నారు. ఓనరు నన్ను కూర్చోబెట్టి, "నువ్వు వాళ్ళతో గట్టిగా మాట్లాడతాండావంట. కస్టమర్ అప్పా కస్టమర్! నీ పట్నం కోపం ఈడ సూపించద్దు" అని క్లాసు పీకాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే మొదటి బస్సుకి పుంగనూరు వెళ్ళాను.

షాపులోకి అడుగు పెట్టగానే పురుగుమందుల వాసన మామూలే. దాన్ని దాటుకుని ఇంకో వాసన వచ్చింది, వైండింగ్, అంటే లోపలి రాగితీగల చుట్ట, కాలుతున్న వాసన. వెనక గదిలో ఎవరూ లేరు. యూపీఎస్ మీద చెయ్యి పెడితే దోసె పెనంలా ఉంది. వెనక్కి తిప్పి చూశాను. వారంటీ సీలు చించేసి ఉంది. పెట్టెని బయటివాళ్ళెవరూ విప్పలేదని గుర్తుగా మేము అంటించే చిన్న స్టిక్కరు అది. అది చిరిగితే కంపెనీకీ ఆ పెట్టెకీ సంబంధం తీరిపోయినట్టే. లోపలి చిన్న బ్యాటరీ తీసేసి, దాని స్థానంలో రెండు లావుపాటి వైర్లు బిగించారు. ఆ వైర్లు బల్ల కిందుగా, గోడ వెంట, కిటికీ ఊచల్లోంచి బయటికి పోయాయి. వాటి వెంటే నేనూ పోయాను. పెరట్లో కుర్చీ మీద, గోనెపట్టా కప్పుకుని, ట్రాక్టరు బ్యాటరీ.

గుడ్డిగా చేసిన పని కాదది. ఎవరో బ్యాటరీల సంగతి తెలిసినవాడే చేశాడు. పన్నెండు వోల్టులకు పన్నెండు వోల్టులు సరిపోయాయి. తెలియంది ఒక్కటే. ఇరవై నిమిషాలకు తయారుచేసిన పెట్టె రెండు గంటలు ఆగకుండా పనిచేస్తే లోపలి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది.

"ఎవరు చేశారిది?" అని అరిచాను. షాపు ముందున్న రైతులు కూడా తొంగి చూశారు.

శెట్టిగారు రాలేదు. ఆయన భార్య సరోజమ్మగారు వచ్చారు. చేతిలో మజ్జిగ గ్లాసు.

"అరవద్దు నాయనా, ముందు తాగు. ఎండలో వచ్చినావు."

"అమ్మా, షాపు తగలబడిపోయేది. ఎరువుల షాపు ఇది!"

"సెప్పినా నాయనా. ఇన్నాడా? ఆ ట్రాక్టరును అడుగు, అదీ సెప్తాది. దినామూ బ్యాటరీ ఈడ అయిపోతాది, ఆడ బండిని నలుగురు తోస్తే గానీ స్టార్టు కాదు. పోయిన వారం మా డ్రైవరు పని మానేస్తానని కూచున్నాడు."

"ఇంత అవసరం ఏమొచ్చిందమ్మా?"

ఆవిడ మౌసు కదిపారు. నల్లగా ఉన్న మానిటర్ వెలిగింది. నీలం చెరువు, అందులో తేలే చెక్కలు, ఒక చెక్క మీద పసుపు బాతు. పక్కన ఇంగ్లీషులో 'పాజ్' అని.

"ఇదీ పెద్ద బిల్లు" అన్నారు సరోజమ్మగారు.

ఆట చాలా తేలికగా కనిపిస్తుంది. బాణం గుర్తుల కీలతో దిక్కు, స్పేస్ బార్ కొడితే దూకుడు. చెక్క మీద నుంచి చెక్క మీదికి దూకుతూ బాతు అవతలి గట్టు ఎక్కాలి. మొత్తం ఇరవై చెరువులు. చెక్కలు కదులుతాయి, మునుగుతాయి, కొన్ని చెక్కలు చెక్కలు కావు, మొసళ్ళు. నీళ్ళలో పడితే బాతు చస్తుంది. మూడుసార్లు చస్తే మళ్ళీ మొదటి చెరువు. పద్దెనిమిదో చెరువులో చచ్చినా మొదటి చెరువే. మధ్యలో ఆపి దాచుకోవడానికి సేవ్ అనేదే లేదు. మొత్తం దాటాలంటే రెండున్నర గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే అంతా పోయినట్టే.

"బాతు నీళ్ళలో పడి సచ్చేది యాడన్నా సూసినావా నాయనా?" అన్నారావిడ. "ఇది వచ్చినప్పట్నుంచీ అడగతాండా. దీనికి జవాబు సెప్పినోడు లేడు."



అప్పటికి శెట్టిగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. దొరికిపోయిన మొహమేం కాదు, పని మధ్యలో ఎవరో వచ్చారన్న చిరాకు.

"ఏమప్పా కంప్యూటరప్పా, నువ్వు పట్నంలో పెరిగినోడివి గదా. ఆడు సూస్తాం."

ఇలాంటివి నాకు ఒక లెక్కా అనుకున్నాను. పాజ్ తీయకుండా కొత్త ఆట మొదలుపెట్టబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆ బాతు పదమూడో చెరువులో ఉందట. దాన్ని కదిలించకూడదట. దాన్ని అలాగే కిందికి దించి, అదే ఆటని పక్కన ఇంకోసారి తెరిచాను. మొదటి చెరువు దాటాను. రెండోది దాటాను. మూడో చెరువులో ఒక చెక్క ఉంది, సరిగ్గా దాని మీద కాలు పెట్టే సమయానికి మునుగుతుంది. మూడు బాతులు చచ్చాయి. మళ్ళీ ఆడాను. మళ్ళీ అక్కడే. ఐదోసారి స్పేస్ బార్‌ని పిడికిలితో కొట్టాను.

"మెల్లగా అప్పా" అన్నారు శెట్టిగారు వెనక నుంచి, వక్క నములుతూ. "కీబోర్డుకి వారంటీ ఉండాదా?"

తర్వాత సరోజమ్మగారే అసలు సంగతి చెప్పారు. ఆవిడ తమ్ముడు మునిరత్నంగారిది కుప్పంలో సిమెంటు, ఇనుము షాపు. బెంగుళూరులో ఏదో పత్రిక కొంటే ఉచితంగా వచ్చిన సీడీ అది. ఆయనే బావకి కాపీ చేసి ఇచ్చాడు. వాళ్ళిద్దరికీ ఎప్పట్నుంచో పోటీ. ఎవరు ముందు స్కూటరు కొన్నారు, ఎవరి షాపుకి ముందు షట్టరు పెట్టారు, అన్నింట్లోనూ. ఉగాదికి బంధువులంతా కూడినప్పుడు మునిరత్నం అందరి ముందూ చెప్పాడట, ఇరవై చెరువులూ దాటేశానని. చివర బాతు గట్టెక్కి నిలబడితే పైనుంచి దాని తలకి బంగారు కిరీటం దిగుతుందనీ, బాజాలు మోగుతాయనీ. "బావకి ఇంకా పదో సెరువే అంట" అని నవ్వాడట.

శెట్టిగారు అక్కడే శపథం చేశారు. తన బాతుకి కిరీటం పెట్టేదాకా కుప్పంలో కాలు పెట్టనని.

"వాని కొత్తిల్లు అయిపోయింది" అన్నారు సరోజమ్మగారు. "వచ్చే నెల్లోనే గృహప్రవేశం. పాలు పొంగిచ్చేది ఆడబిడ్డ గదా నాయనా, వానికి ఉండేది నేనొక్కదాన్నే. మొగుడూ పెండ్లాలం పీటల మీద కూసుంటే గదా అంతస్తు! ఒక్కదాన్నే పోయి నిలబడితే జనం ఏమని అడగతారు? ఏమని సెప్పేది? మా ఆయన బాతు ఇంకా గట్టెక్కలేదు, అందుకని రాలేదు అని సెప్పాలా?"

ఆవిడ నవ్వుతూనే అన్నారు. కానీ మజ్జిగ గ్లాసు తీసుకుంటూ కొంగుతో మొహం తుడుచుకోవడం నేను చూశాను.

నేను మాత్రం నా పనే చేశాను. వైర్లు పీకేశాను, కాలిన యూపీఎస్ సంచిలో పెట్టుకున్నాను, సర్వీస్ రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాశాను. "మీకు ఇంకోటి ఇచ్చేది లేదు" అని చెప్పి బస్సెక్కాను. ఈసారి ఓనరు కూడా ఏమనలేకపోయాడు.

వారం తిరక్కుండా కుప్పం నుంచి కాల్ వచ్చింది. మునిరత్నంగారిదే. కీబోర్డు పనిచేయడం లేదట. సిమెంటు దుమ్ము పడిందట.

వెళ్ళి చూస్తే దుమ్ము నిజమే. కానీ దుమ్ము పడితే అన్ని కీల మీదా పడాలి కదా? అక్షరాలన్నీ బాగానే ఉన్నాయి. కుడి బాణం కీ లోపలికి దిగిపోయి పైకి రావడం లేదు. స్పేస్ బార్ ఒక పక్కకి వాలిపోయింది. కీ కింద చిన్న రబ్బరు బుడిపె ఉంటుంది, నొక్కితే కిందికి పోయి మళ్ళీ పైకి లేపేది అదే. ఆ రెండు చోట్లా బుడిపె నలిగి పొడి అయిపోయింది. సిమెంటు లెక్కలు వేసేవాడికి అరగాల్సింది అంకెల కీలు.

"ఇంకా బాతు ఆడుతున్నారా?" అన్నాను. "ఇరవై చెరువులూ దాటేశారని చెప్పారు కదా."

మునిరత్నంగారు నలభై ఏళ్ళ మనిషి, చేతికి బంగారు గడియారం, గొంతు పెద్దది. ఆ గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. లేచి అద్దాల తలుపు వేసి వచ్చాడు.

"బావ దగ్గరికి కూడా నువ్వే పోతావు గదా?"

"అవును."

"సూడప్పా, నేను పంతొమ్మిదో సెరువు దాకా పోయినా. దేవుని తోడు. ఒక్కటే తక్కువ."

"మరి కిరీటం?"

"ఉంటాదేమో అనుకున్నా. అంత కష్టపెట్టినోడు ఆఖర్న కిరీటమన్నా పెట్టడా? నోటికొచ్చింది, సెప్పేసినా. ఆ మనిసి శపథం పడతాడని నాకేం తెలుసు?" అని తల పట్టుకున్నాడు. "ఇప్పుడు అక్క రాకపోతే పాలు పొంగిచ్చేదెవరు? వస్తే బావ లేకుండా యాల వచ్చిందంటారు. అబద్ధం సెప్పినానని ఒప్పుకుంటే, జనమంతా సేరిన సోట ఆ మనిసి నన్ను బతకనిస్తాడా? దినామూ ఆడతాండా, ఎట్లన్నా దాటేస్తే అబద్ధం నిజమైపోతాది గదా అని."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రెండు ఊళ్ళలో ఇద్దరు పెద్దమనుషులు, ఒకరు ట్రాక్టరు బ్యాటరీతో, ఇంకొకరు విరిగిన కీబోర్డుతో, లేని కిరీటం కోసం కొట్టుకుంటున్నారు.

"నువ్వు మిసను తెలిసినోడివి. ఆఖర్న ఏముండాదో లోపల తీసి సూడలేవా?" అన్నాడు.

సీడీ ఫోల్డరు తెరిచాను. ఆటతో పాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంది. ఇలాంటి ఫైళ్ళు ఎవరూ చదవరు. నేను చదివాను. అది డెమో. అంటే రుచి చూడమని ఊరికే ఇచ్చే ముక్క. అసలు ఆటలో చెరువులు ఇంకా చాలా ఉన్నాయి. ఊరికే ఇచ్చింది ఇరవై వరకే. ఇరవయ్యోది దాటితే, మిగతాది కొనుక్కోమని ఒక సందేశం వస్తుంది. అంతే. కిరీటం లేదు, బాజాలు లేవు.

మునిరత్నంగారు లేచి, తలుపు సరిగ్గా పడిందో లేదో మళ్ళీ చూసి వచ్చాడు.

"అంటే బావ ఆడికి పోయిన రోజు నా బతుకు బయటపడతాది."

"ఆయన పోలేరు లెండి, యూపీఎస్ నా దగ్గరుంది."

"అప్పా, నువ్వు మాత్రం సెప్పద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఒక షాపులో చూసింది ఇంకో షాపులో చెప్పే అలవాటు నాకు లేదు" అన్నాను. "కానీ మీ కోసం అబద్ధం కూడా ఆడను. ఆయన నన్ను అడిగితే ఉన్నదే చెబుతాను. మీరే ముందుగా ఫోన్ చేసి ఒప్పేసుకోండి. ఇదిగో" అని నా ఫోన్ ముందుకి తోశాను.

ఆయన ఫోన్‌ని పామును చూసినట్టు చూశాడు. ముట్టుకోలేదు. కొత్త కీబోర్డు పెట్టి, సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

తిరుగు బస్సు శాంతిపురం దాటుతుండగా నా ఫోన్ మోగింది. రామప్ప శెట్టిగారు. వెనక డోలు, నాదస్వరం హోరు.

"కంప్యూటరప్పా! దాటేసినా!"

"ఏం దాటేశారు?"

"ఇరవయ్యో సెరువప్పా! బాతు గట్టు మీద నిలబడుండాది!"

"యూపీఎస్ లేకుండా ఎలా..."

"కళ్యాణ మంటపంలో ఉండాను. మా దాయాది కూతురి పెండ్లి. ఈడ జనరేటరుండాది గదా. మిసను ఆటోలో ఏసుకొచ్చి స్టోరు రూములో పెట్టినా. పక్కనే వంటోళ్ళు. ముహూర్తం అయిపోయింది, అక్షింతలు కూడా ఈడి నుంచే ఏసినా."

సిగ్నల్ పోయింది. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, మళ్ళీ గీతలు కనబడ్డాక నేనే చేశాను.

"అప్పా, కిరీటం రాలేదు" అన్నారు. ఇప్పుడు గొంతులో సంబరం లేదు. "ముని సెప్పినాడే, పైనుంచి దిగతాదని. శానా సేపుగా సూస్తాండా. ఇంగ్లీసులో ఏమో రాసుండాది. మందు సీసాల మీద పేర్లయితే సదువుతా గానీ, ఇది వాక్యం మాదిరి ఉండాది. ఇంటాండావా? బై... ద... ఫుల్..."

ఆయన ఒక్కో మాటా కూడబలుక్కుని చదువుతున్నారు. నాకు అక్కర్లేదు. రెండు గంటల క్రితమే చదివాను. నాకు కనిపిస్తున్నది సరోజమ్మగారు. ఈ వాక్యం ఉన్నది ఉన్నట్టు చెబితే తమ్ముడు అబద్ధాలకోరు అవుతాడు. గృహప్రవేశం మాట అటుంచి, రెండిళ్ళ మధ్య రాకపోకలే ఆగిపోతాయి. వేరే ఏదో కల్పించి చెబితే ఆవిడ పీటల మీద కూర్చుంటారు. ఒక్క మాట చాలు. కంప్యూటర్‌లో ఏదో లోపం ఉంది, అందుకే కిరీటం కనబడలేదు అంటే ఈయన నమ్ముతారు. యూపీఎస్ సంగతిలో నా మాట ఎప్పుడూ నమ్మని మనిషి, ఇది మాత్రం నమ్మేస్తారు.

"ఏమప్పా, ఉండావా? ఏమని అర్థం?"

"ఇంతవరకూ ఊరికే ఇచ్చిన ఆట అండీ" అన్నాను. "ఇక్కడి నుంచి ముందుకు పోవాలంటే డబ్బు కట్టి మిగతాది కొనుక్కోవాలి. అదీ అర్థం."

అవతల నాదస్వరం ఒక్కటే వినబడుతోంది. అయిపోయింది, ఇప్పుడు బద్దలవుతుంది అనుకున్నాను.

"అట్లనా..." అన్నారు శెట్టిగారు. వక్క ఉమ్మేసిన చప్పుడు. వెంటనే, "అట్లనా! అంటే మునిగాడు దుడ్డు పెట్టి కొన్నాడన్నమాట!"

నేను ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా ఆనించాను.

"కొనుక్కున్న కిరీటమప్పా వానిది! నేను నా సేత్తో ఆడి, ఊరికే ఎంత దూరం ఇస్తారో అంత దూరం వచ్చినా. వాడు ఆడ దుడ్డు పారేసి కిరీటం పెట్టించుకోనుండాడు. అది సెప్పకుండా బంధువులందరిలో మీసం దువ్వినాడు! అంతే గదప్పా? కొన్నాడు గదా?"

ముప్పై ఏళ్ళుగా సరుకు కొని అమ్మే మనిషికి ఇంకో దారి తోచలేదు. కిరీటం ఉందని బామ్మర్ది అన్నాడు. కిరీటం ఇక్కడ ఉచితంగా రాలేదు. అంటే కొన్నాడు. బామ్మర్ది లేని సరుకుని ఉందని చెప్పాడన్న ఆలోచన ఆయనకు రానేలేదు.

"అది మీ బామ్మర్దినే అడగండి" అన్నాను. "ఒక షాపులో చూసింది ఇంకో షాపులో నేను చెప్పను."

"అర్థమయిందిలే అప్పా, అర్థమయిందిలే" అని పగలబడి నవ్వారు. "నువ్వు సెప్పకపోయినా అర్థమయింది. వాడు తప్పిచ్చుకోని యాడికీ పోలేడు, కుప్పంలోనే అడగతా, అందరి ముందరే!"

గృహప్రవేశానికి రెండు వైపుల నుంచీ పిలుపు వచ్చింది. వెళ్ళాను. పీటల మీద శెట్టిగారు పట్టుపంచెలో, పక్కన సరోజమ్మగారు. పాలు పొంగాయి, ఆవిడ గిన్నెలో బియ్యం పోశారు, అంతా చేతులెత్తి దండం పెట్టారు. దండాలు ముగియగానే శెట్టిగారు పీట మీద నుంచే గొంతెత్తారు.

"ఏమప్పా మునీ, ఇల్లు బాగా కట్టినావు. కిరీటం ఎంతకు పడింది?"

బంధువులంతా తిరిగి చూశారు. మునిరత్నంగారు నా వైపు చూశాడు. నేను కనురెప్ప కూడా వేయలేదు. నేను ఏం చెప్పానో ఏం చెప్పలేదో ఆయనకు తెలియదు. రెండు క్షణాలు లెక్క వేసుకున్నాడు. అబద్ధం చెప్పినవాడుగా నిలబడాలా, కొనుక్కున్నవాడుగా నిలబడాలా?

"ఏదో బావా..." అని తల గోక్కున్నాడు. "ఆశపడి కొన్నా."

"సూసినారా! కొన్నాడంట!" అని శెట్టిగారు తొడ చరిచారు. ఆ పూటంతా మునిరత్నంగారు వడ్డించిన ప్రతి వంటకం దగ్గరా, "ఇది వండిందా, కొనిందా?" అని అడుగుతూనే ఉన్నారు. మునిరత్నంగారు చెమటలు కారుస్తూ నవ్వుతూనే ఉన్నాడు.

భోజనాల దగ్గర సరోజమ్మగారు నా విస్తట్లో పాయసం పోస్తూ వంగి, ఎవరికీ వినబడకుండా అన్నారు: "మా తమ్ముడు ఆట కోసరం దుడ్డు ఖర్చుపెట్టేటోడు కాదు నాయనా. వాని సంగతి నాకు తెల్దా? నువ్వు ఏం సెప్పినావో, ఏం మింగినావో నాకొద్దు. ఇంకొంచెం ఏసుకో."

ఆ తర్వాత శెట్టిగారి షాపు నుంచి నాకు యూపీఎస్ కంప్లైంటు రాలేదు. కొత్తది డబ్బు పెట్టి కొన్నారు. ఇరవై నిమిషాలు ఆయనకు భేషుగ్గా సరిపోయాయి. గుమాస్తా కంప్యూటరు మీద బిల్లులు వేయడం మొదలుపెట్టాడు. బాతు అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. నిజం చెప్పాలంటే మూడో చెరువు నాకిప్పటికీ రాలేదు.

ఈ పని నాకు నేర్పింది ఏమిటంటే, మిషను విప్పినవాడికి మనుషుల ఇళ్ళు కూడా లోపలి నుంచి కనబడతాయి. ఎవరు ఏం దాచారు, ఎవరు ఎక్కడ ఆగిపోయారు, ఏ కీ ఎందుకు అరిగింది, అన్నీ. డిప్లొమాలో వారంటీ నేర్పారు గానీ ఇది నేర్పలేదు. అడిగినదానికి ఉన్నది చెప్పాలి. అడగనిదాన్ని సంచిలో స్క్రూడ్రైవర్ల కింద పెట్టుకుని బస్సెక్కాలి. నాలాంటి కోపిష్టివాడికి రెండోది చాలా కష్టం. ఆ బస్సులో నేను నాలుక ఎంత గట్టిగా కరుచుకున్నానో నాకే తెలుసు.

ఈ కథ విన్న మా స్నేహితుడొకడు, "నువ్వు మోసం చేశావురా, ఆయన తప్పుగా అనుకుంటుంటే నోరు మూసుకున్నావు" అన్నాడు. వాడితో పెద్ద గొడవే అయింది. నేను చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అడిగిన వాక్యానికి అర్థం అడిగినట్టే చెప్పాను. మిగతాది బావా బామ్మర్దులు వాళ్ళంతట వాళ్ళు పంచుకున్నారు, సరోజమ్మగారు పాలు పొంగించారు. సరే, తప్పే అనుకోండి. ఫోన్ మీ చేతిలో ఉండి, అవతల ఆయన "కొన్నాడు గదా?" అని అడుగుతుంటే, మీరైతే ఏం చెప్పేవారో కాస్త చెప్పండి చూద్దాం?